గవాచి మూసిన సాయంత్రం

కుందుర్పి దగ్గర మా ఊర్లో అన్నీ మట్టిమిద్దెలే. ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆ కొసన ఎక్కితే ఈ కొసదాకా మిద్దెల మీదే నడిచి రావచ్చు. మా వంటింటి కప్పులో, పొగ పోయేదానికీ వెలుతురు పడేదానికీ వదిలిన బొక్క ఒకటి ఉండేది. గవాచి అంటాం.

అమ్మకు ఉబ్బసం. ఈ పొగలో ఇంకో చలికాలం దాటదని డాక్టరు చెప్పినాడు. అందుకే పొగలేని పొయ్యి పెట్టించాల్సిందేనని పట్టుబట్టినాను. రెండువేల సంవత్సరంలో మా చుట్టుపక్కలంతా అవే పెట్టించుకుంటా ఉండిరి. నల్లప్ప మామ వచ్చి పొయ్యి కట్టినాడు. సిమెంటు గొట్టాన్ని గవాచిలో నిలబెట్టి, చుట్టూ సందు లేకుండా మట్టి మెత్తినాడు.

అమ్మ కింద నిలబడి గొణిగింది. "గవాచి మూసేస్తే ఓబులక్క యాడ నుంచి అడుగుతాదే?"

పక్కింటి ఓబులమ్మ పోయి శానా కాలమైంది. ఉన్నప్పుడు పొద్దుగూకితే మిద్దె మీదుగా వచ్చి, గవాచిలోకి వంగి నిప్పు అడిగేది. ఆమె పోయినాక కూడా అమ్మ రోజూ గవాచి కింద పెంకులో ఒక నిప్పుకణిక పెట్టేది. తెల్లారి చూస్తే పెంకు ఖాళీ. బూడిద కూడా ఉండేది కాదు. గాలికి పోయిందనుకునేదాన్ని.

"ఏమక్కా, ఆయమ్మ ఆడ కూడా వంట చేస్తాందా?" నల్లప్ప మామ నవ్వినాడు. నేనూ నవ్వినాను.

సాయంత్రం కరెంటు పోయింది. కంపకట్టెలు అంటించినాను. పొగ బుద్ధిగా గొట్టంలోకి పోయింది. అమ్మ పొయ్యి పక్కన కూర్చుని, ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి తీసుకునింది. పెంకులో నిప్పు పెట్టబోతే నేనే ఆపినాను.

అప్పుడు... మిద్దె మీద అడుగులు. పైనుంచి మన్ను రాలింది. గొట్టం దగ్గరికొచ్చి ఆగినాయి. అమ్మను పేరు పెట్టి పిలిచింది ఒక గొంతు.

"ఆంజినమ్మా... నిప్పు ఉండాదా?"

అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకునింది. "పలకొద్దే... ముందు నిప్పు పెట్టల్ల. ఉత్త చేతుల్తో పలకగూడదు."

పొగ ఆగింది. వెనక్కి తిరిగింది. పైన ఎవరో గొట్టానికి నోరు పెట్టి ఊదినట్లు... తడి మన్ను వాసన. కాలిన వెంట్రుకల వాసన. అమ్మ దగ్గింది. దగ్గుతానే ఉండాది. పెంకు కోసం తడిమినాను. చేతికి దొరకలేదు. తలుపు లాగినాను. రాలేదు. అమ్మ నా ఒళ్లోకి ఒరిగిపోయింది. ఊపిరి ఆడటం లేదు...

గొట్టంకేసి అరిచినాను. "ఉండేదంతా తీసుకోపోక్కా! మా అమ్మను వదిలెయ్!"

జర్రున పొగంతా పైకి పోయింది. పొయ్యి నల్లబడింది. అమ్మ దగ్గు ఆగింది.

ఆ దగ్గు మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా రాలేదు. ఊర్లో అందరూ పొయ్యిని మెచ్చుకున్నారు. నేను మాత్రం అమ్మ నిద్రపోయినాక ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. ఊపిరి ఉంటుంది. చల్లగా ఉంటుంది. ఆయమ్మ అడిగింది నిప్పే... ఉండేదంతా అన్నది నేను.

నిన్న పొద్దుగూకేటప్పుడు మిద్దె మీద ఎవరో దగ్గినారు. ఆ దగ్గు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ దాని పక్కనే పడుకున్నాను.

అమ్మ తలెత్తి ఆలకించింది.

"ఎవురో పాపం, ఉబ్బసం మాదిరుండాది. చలికి వణుకుతాంటాది... కిందికి రమ్మనే."