అద్దానికి లోపలివైపు

షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా ఇంటి పక్కన ఆ డీజిల్ పికప్ నాలుగు చలికాలాలు నిలబడింది. పెట్రోలు కోసం గ్యాస్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరిన రోజులు అందరికీ ఇంకా గుర్తున్నప్పుడు మా వారు భీమశంకర్ దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. గ్యాలన్‌కి ఎంత మైలేజీ వస్తుందో కనబడిన వాళ్లందరికీ చెప్పేవారు. మా స్నేహితులు కృష్ణమూర్తి గారు వచ్చినప్పుడల్లా, "ఏం శంకరం, లారీకి లోడు దొరికిందా?" అని నవ్వేవారు.

అమ్మిన రైతు తాళంచెవి కంచె మీద పెట్టి వెనక్కి జరిగాడు. బండి దగ్గరికి మాత్రం రాలేదు. అప్పుడు అది మాకు వింతగా అనిపించలేదు.

ఎనభై ఆరో సంవత్సరం వచ్చేసరికి పెట్రోలు చవకైంది. పాత డీజిల్ అంటే జనం మొహం తిప్పేసుకుంటున్నారు. పొగ, వాసన, చలిలో స్టార్ట్ కాదు, రిపేరు తెలిసినవాడు దొరకడు. సరిగ్గా ఆ చలికాలంలోనే దాన్ని వదిలించుకోవలసి వచ్చింది.

మొదట మంచు. కారు అద్దాల మీద మంచు పట్టడం ఇక్కడ మామూలే, పొద్దున్నే గీకేసి బయల్దేరతాం. ఆ బండికి లోపలివైపు పట్టేది. ఎవరో రాత్రంతా లోపల కూర్చుని ఊపిరి వదిలినట్టు. మా వారు ఇంజనీరు. తలుపు రబ్బర్లు మార్చారు, కాళ్ల కింద మ్యాట్లు ఆరబెట్టారు. అయినా మళ్లీ పట్టింది. అదీ అద్దమంతా కాదు. సీటులో మధ్య చోటుకి ఎదురుగా మాత్రమే.

అది ముగ్గురు కూర్చునే పొడుగు సీటు. మధ్యలో మా రేణు కూర్చునేది. దానికప్పుడు ఆరేళ్లు. ఒకరోజు ఎక్కుతూనే నా ఒళ్లోకి వచ్చేసింది.

"నీ చోట్లో కూర్చోమ్మా."

"నో అమ్మా. అక్కడ ప్లేస్ లేదు."

ఆ వారమే ఒక తెల్లవారుజామున దాని మంచం ఖాళీగా కనిపించింది. ఇల్లంతా వెతికి బయటికి పరిగెత్తాను. నైట్‌గౌన్‌తో, ఉత్త కాళ్లతో ఆ బండిలో కూర్చుని ఉంది. పెదవులు నీలం తిరిగాయి. లోపలి మంచు మీద వేలితో చుక్కలు పెట్టి, నేను నేర్పిన మెలికల ముగ్గు వేస్తోంది. ఎన్నిసార్లు చూపించినా చివరి మెలిక కలపడం దానికి చేతకాదు. అప్పుడూ అలాగే వదిలేసింది.

"ఎందుకొచ్చావు బంగారం?"

"పిలిచింది. తనకి చలి అట."

ఎవరని అడిగితే మధ్య చోటు వైపు చూసింది.

ఆ రోజే పేపర్లో ప్రకటన ఇమ్మన్నాను. ఫోన్లు అరకొరగా వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్లనీ నేను ముందు అడిగింది ఒకటే, "మీకు పిల్లలున్నారా?" ఉన్నారంటే వద్దు అని చెప్పేశాను. మన పాపకి తప్పించి ఇంకొకరి పాపకి అంటగట్టడం ఎలా?

"నువ్వు ట్రక్ అమ్ముతున్నావా, సంబంధం చూస్తున్నావా వసూ?" అన్నారు మా వారు విసుగ్గా.

వారం వారం ధర తగ్గించాం. పాత కార్ల డీలర్ దగ్గరికి తీసుకెళ్తే బయటికి కూడా రాలేదు. "డీజిలా? ఊరికే ఇచ్చినా నాకు చోటు దండగ" అన్నాడు కిటికీలోంచే.

చివరికి హోల్ట్ అనే పెద్దాయన వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. లోపల మంచు పడుతుందని చెప్పాను. మా అమ్మాయి చెప్పిందీ చెప్పాను. ఆయన నవ్వాడు.

"పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే నాకు సంతోషమే మేడమ్. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది."

ఆయన ఇచ్చిన దాంతో నాలుగు కొత్త టైర్లు కూడా రావు. మా వారు తాళంచెవి ఇచ్చేశారు.

ఇంజన్ టకటకమని కొట్టుకుంటూ లేచింది. రేణు నా కొంగు పట్టుకుని చెయ్యి ఊపింది.

"వెళ్లి రా!"

ఇంట్లోంచి వెళ్లేవాళ్లని 'పో' అనకూడదు, 'వెళ్లి రా' అనాలి అని నేర్పింది నేనే. ఇంత దూరంలో పిల్లని పెంచుతూ మన పద్ధతులు మరిచిపోకూడదని రోజూ చెప్పేదాన్ని. కానీ రేణు హోల్ట్ గారి వైపు చూడలేదు. సీటు మధ్యకి చూస్తోంది.

మర్నాడు సాయంత్రం అయిదింటికే చీకటి పడింది. మంచు కురుస్తోంది. మా వారు స్టేషన్ నుంచి ఫోన్ చేశారు, షికాగోలో ట్రెయిన్ ఆగిపోయిందట. రేణుకి అన్నం కలుపుతున్నాను.

టక... టక... టక...

ఆ చప్పుడు నాకు తెలుసు. మా ఇంటి పక్కకే వచ్చింది. డీజిల్ వాసన తలుపు సందులోంచి ఇంట్లోకి వచ్చింది. కర్టెన్ తీసి చూశాను. అక్కడ ఏమీ లేదు. తెల్లటి మంచు. దాని మీద ఒక్క టైరు గుర్తు లేదు. చప్పుడు మాత్రం ఆ ఖాళీలోంచే వస్తోంది.

ఆగిపోయింది.

బండి తలుపు తీసిన కిర్రు. మళ్లీ వేసిన చప్పుడు. అడుగులు లేవు.

రేణుని ఎత్తుకుని మెట్ల కింద కూర్చున్నాను. మా ముందు తలుపుకి పక్కన సన్నటి అద్దం ఉంది. దాని మీద మంచు పట్టసాగింది... రేణు ఎత్తులో... చిన్న గుండ్రం... తగ్గుతూ, పెరుగుతూ...

అది లోపలివైపు.

"అమ్మా, వచ్చేసింది" అంది రేణు, గుసగుసగా.

"పొమ్మను. రేణూ, పొమ్మని చెప్పు."

"పో అనకూడదు అన్నావు కదా?"

గుమ్మంలోకి వచ్చినవాళ్లని నా జన్మలో ఆ మాట అనలేదు. రేణు నోరు అరచేత్తో మూసి, గుండెకి హత్తుకుని అరిచాను.

"పో!"

అద్దం మీద గుండ్రం ఆగిపోయింది. తలుపు అవతల నుంచి, బుద్ధిగా, నేను నేర్పినట్టే వినిపించింది.

"వెళ్లొస్తా అమ్మా."

అది రేణు గొంతు. ఏడుస్తోంది.

నా అరచేతి కింద పెదవులు కదల్లేదు.

ఇంజన్ లేచింది. టకటకమంటూ దూరమైపోయింది. లేవాలనుకున్నాను. తలుపు తీయాలనుకున్నాను. తీయాలంటే ఒళ్లో ఉన్నదాన్ని వదలాలి. వదల్లేకపోయాను. మా వారు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆయన వచ్చి బుగ్గ తాకి, "పాప ఒళ్లు ఇంత చల్లగా ఉందేం?" అన్నారు.

పొద్దున్నే హోల్ట్ గారి ఫోన్.

"మీరు చెప్పింది నిజమే మేడమ్, లోపలే పట్టింది." ఆ వెంటనే అడిగాడు. "మీ పాప ఇంట్లోనే ఉంది కదా?"

"ఉంది. ఎందుకు?"

"అద్దం మీద ఎవరో వేలితో గీశారు. చుక్కలు, వాటి చుట్టూ మెలికలు. చివరిది కలవలేదు. రాత్రి నేనే తాళం వేశాను."

"లోపల ఎవరున్నారు? దయచేసి చూడండి..."

"ఎవరూ లేరు మేడమ్. రెండుసార్లు తుడిచాను." ఆయన గొంతు తగ్గింది. "నేను చూస్తుండగానే మళ్లీ పడుతోంది."

కిచెన్ టేబుల్ దగ్గర పిల్ల నాకు వీపు పెట్టి కూర్చుని పాలల్లో సీరియల్ వేసుకుని తింటోంది.

"రేణూ" అన్నాను.

స్పూన్ ఆగింది. తల తిరగలేదు. పక్కన కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో అప్పుడే వేసిన ముగ్గు ఉంది.

చివరి మెలిక చక్కగా కలిసింది.