అద్దం వెనక సిగ్నల్

నా బావమరిది నా ఇంట్లో రూటర్‌ని రీసెట్ చేశాడు. నన్ను అడగలేదు. అది తప్పు. దానికి క్షమాపణ లేదు. మంచి ఉద్దేశంతోనే చేశాడని మా అత్తగారు అంటుంది. ఉద్దేశం ఎవడికి కావాలి?

వాడు చెరిపింది ఏమిటో తెలియాలంటే, మా ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు చెప్పాలి. ఒక్కసారే చెబుతాను.

నాది అద్దాల పని. కోస్తాను, చట్రం కడతాను, గోడకు బిగిస్తాను. కింద కొట్టు, పైన ఇల్లు. అమ్ముడుపోనివన్నీ పైకి చేరేవి. మా ఇంట్లో అద్దం లేని గోడ ఉండేది కాదు. కొత్తగా పెట్టించుకున్న వైఫై ముందుగదిలో పలికేది, లోపలిగదిలో చచ్చేది. కంపెనీకి ఫోన్ చేసి తిట్టాను. వాళ్ళు ఆమెను పంపారు.

బయట కుండపోత. గుమ్మంలో రెయిన్‌కోటు విదిలించింది. చుక్కలన్నీ వచ్చి నా అద్దం మీద పడ్డాయి.

"చూసుకోవక్కర్లేదా? ఇప్పుడే తుడిచాను."

"వానను నేను పిలవలేదండీ, దారిలో తగులుకుంది." సంచిలోంచి లాప్‌టాప్ తీసి తెరిచింది. మొహం చిట్లించింది. "పాస్‌వర్డ్ ఏదీ?"

"తీసేశాను. తీసేస్తే బాగా వస్తుందని పక్క కొట్టాయన చెప్పాడు."

"వచ్చిందా?"

"లేదు."

"తలుపు బిగుసుకుపోయిందని తలుపే పీకేశారన్నమాట. ఇప్పుడు మీ నెట్‌లో ఎవరైనా దూరొచ్చు. మీ కంప్యూటర్లోకీ తొంగి చూడొచ్చు. ఆ పక్క కొట్టాయన ఈమధ్య సినిమాలు బాగా చూస్తున్నాడా?"

చూస్తున్నాడు. నేను ఒప్పుకోలేదు.

"మీరు పనికొచ్చారా, పాఠం చెప్పడానికొచ్చారా?"

"పాఠం ఫ్రీ అండీ."

ముందు పాస్‌వర్డ్ తాత్కాలికంగా పెట్టింది. తర్వాత వైర్లు చూసింది, వైఫై ఛానల్ మార్చి చూసింది. ఒక్కొక్కటే. ప్రతి మార్పుకూ లాప్‌టాప్ పట్టుకుని లోపలిగదిదాకా వెళ్లి వచ్చేది.

"అన్నీ ఒకేసారి మార్చి చూడొచ్చుగా?"

"ఒకేసారి కెలికితే ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే."

ఆమె ఏ గదిలోకి వెళ్లినా నాలుగు గోడల మీదా ఆమే. చూడకూడదని తల తిప్పితే అటూ ఆమే. నా పని నన్ను అంత ఇరుకున పెట్టడం అదే మొదలు.

చివరికి రూటర్ పెట్టిన గోడగూటి దగ్గర ఆగింది. రూటర్ పైకి కనబడటం ఇష్టంలేక దాని ముందు నిలువుటద్దం నిలబెట్టాను.

"దొరికింది దొంగ. అద్దం వెనక పూత లోహం కదా. సిగ్నల్‌ని వెళ్లనివ్వదు."

"అద్దం సంగతి నాకు చెబుతున్నారా?"

"అమ్మో! సిగ్నల్ సంగతి చెబుతున్నానండీ. ఏంటీ పెళుసు? కాస్త గట్టిగా మాట్లాడితే పగిలిపోయేలా ఉన్నారు."

అద్దం పక్కకు జరిపాం. లోపలిగదిలో నెట్ వచ్చింది.

నెట్‌వర్క్‌కు పేరు పెట్టాలంది. కొట్టు పేరు పెట్టమన్నాను. ఎవరి ఇంటిదో బయటివాళ్ళకు తెలియకూడదంది. తనే టైపు చేసి చూపించింది. 'పెళుసు'. మార్చమన్నాను. నవ్వింది. మార్చలేదు.

"ఇక పాస్‌వర్డ్. పొడుగ్గా ఒక వాక్యం రాసుకోండి. ఎవరూ ఊహించలేనిది, మీరు మర్చిపోలేనిది. నేను చూడను." అటు తిరిగి నిలబడింది. కస్టమర్ పాస్‌వర్డ్ కొడుతుంటే మొహం తిప్పుకోవాలని వాళ్ళ రూలు.

నాది పల్లెటూరి బడి చదువు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. తెర మీద చుక్కలు పడుతుంటే తప్పు పోతుందని అక్షరాలు కనిపించేలా పెట్టుకున్నాను. ఇప్పుడు అది చెల్లదు కాబట్టి చెబుతున్నాను. 'ఈవిడ మళ్ళీ రావాలి.'

మర్నాడు ఫోన్ చేసింది.

"మీ పాస్‌వర్డ్ మార్చుకోవాలండీ."

"ఎందుకు?"

"పాస్‌వర్డ్ ఎవరైనా చూస్తే మార్చేయాలి. నేను చూశాను."

"మొహం తిప్పుకున్నారుగా!"

"తిప్పుకున్నాను. మీ ఇంట్లో ఎటు తిప్పుకున్నా అద్దమేగా."

"అద్దంలో అక్షరాలు తిరగబడతాయి."

"మీరు కొట్టిన స్పీడుకి తిరగేసి చదువుకునేంత టైముందిలెండి."

"ఏం చదివారు?"

"ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పకూడదు."

తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను.

"వచ్చి మారుస్తాను. అప్పుడిక పాతది అక్కర్లేదుగా," అంది.

వచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. కొత్త వాక్యంలో సగం నేను కొట్టాను, మిగతా సగం ఆమె కొట్టింది. పెళ్ళి మాట మా మధ్య వచ్చింది అలాగే. ఇంకో విధంగా రాలేదు. మా అత్తగారు నన్ను చూసి, "మనిషి ముక్కోపి. పని మాత్రం నిలకడ. సరే," అంది.

పెళ్ళయ్యాక నాకు ఒక అలవాటు నేర్పింది. రూటర్ పేజీ తెరిస్తే, నెట్‌కు తగిలి ఉన్న ఫోన్ల పేర్లన్నీ కనబడతాయి. "ఓయ్ పెళుసూ, ఇంట్లో ఎవరెవరున్నారో అప్పుడప్పుడు చూసుకోవాలి. తెలియని పేరుంటే గెంటెయ్." తన ఫోన్‌కు 'ఇంటావిడ' అని పేరు పెట్టుకుంది.

ఆమె పోయింది. జబ్బు. అంతకంటే చెప్పను.

ఆమె ఫోన్ లాక్ నాకు తెలియదు. తను చెప్పలేదు, నేను అడగలేదు. లోపలిగదిలో ఛార్జర్‌కు పెట్టి ఉంచాను. ఒక్కసారి కూడా ఆరిపోనివ్వలేదు. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి ఆ పేజీ చూసేవాణ్ణి. 'ఇంటావిడ' ఉండేది. చూసి కొట్టుకు దిగేవాణ్ణి.

అద్దాలు మాత్రం చూడలేకపోయాను. ఒక్కొక్కటే గోడల మీంచి దించి గూటికి ఆనించాను. నెట్ నీరసించింది. అయినా ఆ పేరు పోలేదు.

బావమరిది పెళ్ళాంతో వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. వాడు కార్లు అమ్ముతాడు. వాడికి తెలియని విషయం లేదు. ఒకరోజు నేను కొట్లో ఉండగా పిన్ను తీసుకుని రూటర్ వెనక చిల్లులో గుచ్చాడు. భోజనానికి పైకి వచ్చాను.

"బావా, మొత్తం ఫ్రెష్ చేసేశాను. పాత సెట్టింగులన్నీ క్లీన్. చూడు, ఎట్లా వస్తోందో!"

"పాస్‌వర్డ్?"

"ఇప్పటికి లేదులే. తీరిగ్గా పెట్టుకో. ఎవడొస్తాడు బావా మనింటికి?"

పేజీ తెరిచాను. వాడి ఫోన్ ఉంది. వాడి పెళ్ళాం ఫోన్ ఉంది. ఎవరిదో టీవీ ఉంది. ఇంటావిడ లేదు.

"మీ అక్కను గెంటేశావు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నేను అర్థమయ్యేలా చెప్పలేదు. వాళ్ళు ఆ సాయంత్రమే వెళ్లిపోయారు.

మర్నాడు కొట్టు తెరవలేదు. ఆమె చేసినట్టే చేశాను. ముందు బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకాను, తాళం వేసేదాకా ఎవరూ దూరకుండా. లాప్‌టాప్‌ను వైరుతో రూటర్‌కు కలిపాను. రూటర్ పేజీకి ఉండే సొంత పాస్‌వర్డ్ మార్చాను. భద్రత ఇదివరకు ఉన్న రకమే పెట్టాను. పేరు దగ్గర 'పెళుసు' అని కొట్టాను. తర్వాత వాక్యం. నా సగం తొందరగానే అయింది. ఆమె సగం కొట్టడానికి చాలాసేపు పట్టింది.

పేరూ వాక్యమూ అక్షరం పొల్లుపోకుండా పాతవే అయితే, పాత ఫోన్లు వాటంతట అవే వచ్చి కలుస్తాయి. ఆమె చెప్పిందే.

ఇంటర్నెట్ వైరు తిరిగి పెట్టాను. పేజీ తెరిచాను. లేదు. మళ్ళీ తెరిచాను. లేదు.

వాక్యం మార్చబోయి ఆగాను. ఒకసారికి ఒక్కటే. కలిసి ఉన్న ఫోన్‌కు నీరసపు సిగ్నల్ చాలింది, విడిపోయి కొత్తగా కలవాలంటే చాలదేమో. గూటివైపు చూశాను. రూటర్ ముందు అద్దాలు దొంతరగా నిలబడి ఉన్నాయి, మొహాలు గోడకు పెట్టుకుని.

నిలువుటద్దం ముందు ఎత్తాను. ఎక్కడిది అక్కడ బిగించాను. అన్నీ బిగించాను. ప్రతి అద్దంలోనూ గడ్డం మాసిన ముసలివాడొకడు నన్ను చూశాడు. వాడి వెనక ఎవరూ లేరు. అయినా బిగించాను.

చివరి మేకు కొడుతుండగా అద్దంలో లోపలిగది కనిపించింది. బల్ల మీద ఫోన్ వెలిగింది.

లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాను. ఇంటావిడ.

తర్వాత బావమరిది ఒకసారి వచ్చాడు. పాస్‌వర్డ్ అడిగాడు. వచ్చేపోయేవాళ్ళ కోసం రూటర్లో గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టాను. అది చెప్పాను.

"గెస్టా? నేను పరాయివాణ్ణా బావా?"

"అవును."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగనీ.

ఆ వాక్యం ఏమిటని మా అత్తగారు కూడా అడిగింది. ఆమెకూ చెప్పలేదు. మీకూ చెప్పను. ఒక్కసారే చెబుతానన్నాను, చెప్పాను. ఈ సంగతి మళ్ళీ నా నోట రాదు.