అలకకు ఇంగ్లీషు మాట లేదు

“మీ హీరోయిన్‌కి పంటినొప్పా అండీ?”

మేనేజర్ గారు నాతో అన్న మొదటి మాట అదే. గొడుగుల కంపెనీ తరఫున ప్రకటనల పని చూసేది ఆమె. మా స్టూడియోలో ఏఐ వీడియోలు చేసేది నేను. కెమెరా ఉండదు, నటులుండరు. ఏం కావాలో ఇంగ్లీషులో వివరంగా రాసిస్తే కంప్యూటరే మనుషుల్ని పుట్టించి నడిపిస్తుంది.

“కాదండీ, భర్త గొడుగు మర్చిపోయి వచ్చాడని అలిగింది.”

“దవడ పట్టుకుని కూర్చుంటే అలకంటారా? డెంటిస్టు దగ్గర క్యూలో ఉన్నట్టుంది.”

పక్క సీట్లో ఎడిటరన్న దగ్గుతున్నట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. నా చెవులు వేడెక్కాయి.

కథ ముప్ఫై సెకన్లే. వానలో భార్యను తీసుకెళ్లడానికి ఆమె ఆఫీసు మెట్ల దగ్గరికి భర్త ఒట్టి చేతులతో వస్తాడు. ఆమె అలుగుతుంది. అతను పరుగున వెళ్లి పెద్ద గొడుగు తెస్తాడు. ఇద్దరూ దాని కింద నడిచిపోతారు. అన్నీ కుదిరాయి, అలక తప్ప.

ఇంగ్లీషులో దానికి మాట దొరకలేదు. కోపమని రాస్తే హీరోయిన్ విడాకుల కాగితం విసిరేలా చూసింది. బాధ అని రాస్తే ఇంట్లో ఎవరో పోయినట్టు ఏడ్చింది. విసిగిపోయి ‘మూతి ముడిచింది’ అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను. కంప్యూటరు ఆమె పెదాలకు నిజంగానే ముడి వేసి చూపించింది!

ఆ ముడి చూసి మేనేజర్ గారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. అప్పటినుంచి నాకు కొత్త వెర్షన్లు చేయాలంటే హుషారుగా ఉండేది. కారణం మాత్రం పని కాదు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. “మావాడు బొమ్మలకు పని చెబుతాడు” అని నాన్న అందరికీ గర్వంగా చెప్పుకుంటాడు. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. శుక్రవారం సాయంత్రం ఐదులోగా వీడియో ఓకే కాకపోతే పని వేరే స్టూడియోకి, నేను ఇంటికి. బాస్ అంత స్పష్టంగా చెప్పేశారు.

మంగళవారం వెర్షన్ తొమ్మిది మెయిల్ చేస్తాననీ, వానలో రావద్దనీ మేనేజర్ గారికి మాటిచ్చాను. పనిలో పడి మర్చిపోయాను. మధ్యాహ్నం ఆమె తలుపు తోసుకుని వచ్చారు. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి.

“అయ్యో! సారీ అండీ, మెయిల్...”

“పర్లేదు.”

“టీ తెప్పించనా?”

“వద్దు.”

కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. టీ వచ్చింది. ముట్టుకోలేదు. కానీ కప్పు వైపు రెండుసార్లు చూశారు. నేను చూస్తున్నానేమోనని ఓరగా ఒకసారి చూసి, దొరికిపోయి, ఇంకాస్త కిటికీ వైపు తిరిగారు.

అలకంటే ఇదే!

బుద్ధున్నవాడెవడైనా వెళ్లి బతిమాలతాడు. నేను కాగితం తీసి రాసుకున్నాను.

గడ్డం ఎంత ఎత్తారు, వేళ్లతో చున్నీ అంచు ఎలా మెలిపెట్టారు, ‘వద్దు’ అన్నాక ఎంతసేపు ఆగారు, అన్నీ. ఆమె వెళ్లిపోయాక దాన్నే ఇంగ్లీషులో పెట్టాను. ఒక్క భావం పేరూ రాయలేదు. చేసినవే రాశాను.

గురువారానికి తెర మీద వేరే ముఖం, వేరే బట్టలు. కానీ అలక ప్రాణం పోసుకుంది. ఎడిటరన్న ఈల వేశాడు. బాస్ భుజం తట్టారు.

“పంపెయ్. వాళ్ల కంపెనీ గ్రూపులో అందరికీ పెట్టెయ్.”

“ముందు మేనేజర్ గారిని అడగాలి సార్. ఆమెను చూసే రాశాను.”

“ఎందుకు? ముఖం ఆమెది కాదుగా?”

“ముఖం కాదు సార్. అలక ఆమెది.”

బాస్ నన్ను కాసేపు వింతగా చూశారు. “రేపు ఐదు దాటితే నన్నేమీ అనకు,” అని వెళ్లిపోయారు.

వీడియో, నేను రాసుకున్నదీ రెండూ ఆమె ఒక్కరికే పంపాను. ‘చెప్పకుండా మిమ్మల్ని చూసి రాశాను. తప్పే. వద్దంటే తీసేస్తాను’ అని కింద రాశాను. ఆ రోజు జవాబు లేదు. శుక్రవారం మధ్యాహ్నమూ లేదు.

నాలుగున్నరకు ఆమే వచ్చారు. చేతిలో నా కాగితం ప్రింటు.

“కప్పు వైపు రెండుసార్లు చూశానా?”

“...రెండుసార్లండీ.”

“చున్నీ మెలిపెట్టానా?”

“ఎడమ చేత్తో.”

“ఇంత చూసిన మనిషికి, వచ్చి ఒక్క మాట అడగాలని తోచలేదా?”

ఎడిటరన్న హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వాటి వైరు దేనికీ తగిలించి లేదు.

“కోపమొచ్చిందా అండీ?” అన్నాను మెల్లగా.

“కోపమైతే మెయిల్ పెట్టేదాన్ని. ఇంత దూరం వస్తానా?”

ఫోన్ తీసి నా ఎదురుగానే ‘వీడియో ఓకే’ అని కంపెనీ గ్రూపులో పెట్టారు. టైము పావు తక్కువ ఐదు.

“అది ఆఫీసు పని, అయిపోయింది. ఇక నా సంగతి చెప్పండి.”

డిగ్రీలో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

“మీరొచ్చే రోజుల కోసమే వెర్షన్లు చేశానండీ. ఇంకెప్పుడూ మిమ్మల్ని తడవనివ్వనండీ.”

“అండీలు తీసేసి చెప్పండి.”

“మీరు...”

“అదీ తీసేయాలి.”

ఊపిరి పీల్చుకున్నాను. “నిన్ను... తడవనివ్వను.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. అద్దంలో నవ్వు కనబడిపోయింది.

“అలక పోయిందా?”

“సగం పోయింది.”

“మిగతా సగం?”

“ఉంచుకుంటా,” అంది. “రేపు కూడా బతిమాలాలిగా నువ్వు!”