ఎవరూ కూర్చోని కుర్చీ

"మేడమ్, నేను దొంగని కాదు!"

తోటలో టీ తాగుతున్న డిటెక్టివ్ హెస్టర్ వేన్ తలెత్తింది. ఎదురుగా మిసెస్ క్రాక్సాల్ నిలబడి ఉంది. రావెన్‌హర్స్ట్ భవనాన్ని జనం చూడటానికి తెరిచే ప్రతి ఆదివారమూ నీలి గదికి కాపలా ఆమెదే. కాపలా గుర్తుగా ఎప్పుడూ గుండెల మీద మెరిసే వెండి బిళ్ల ఇప్పుడు లేదు.

"అరచేయంత పటం పోయిందమ్మా. ఈ ఇల్లు కట్టించిన ఉన్ని వర్తకుడి భార్య బొమ్మ. వరండాలోకి నెమలి దూరితే తోలడానికి వెళ్లాను, తిరిగొచ్చేసరికి లేదు. జీతం కోసమా నేను చేసేది? యజమానురాలు అందరి ముందూ బిళ్ల తీయించేశారు!"

"పద ఫెన్విక్," అంది హెస్టర్, జామ్ రాసిన స్కోన్ రొట్టె పక్కన పెట్టేసి.

ఆమె తిండి వదిలేసి లేచిందంటే దొంగకి మూడినట్టే. అసిస్టెంట్ ఫెన్విక్ ఛాతీ పొంగింది.

వరండాలో స్కోన్ ముక్కలు రాలి ఉన్నాయి. నీలి గదిలో యజమానురాలు లేడీ అగస్టా, చుట్టపుచూపుగా వచ్చిన మేనల్లుడు జాస్పర్ ఉన్నారు. అతను ఆవపిండి రంగు ఉన్ని స్వెట్టర్ వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"గేటు దగ్గర అందరి సంచులూ వెతికించాను. దొరకలేదు," అంది లేడీ అగస్టా.

"ఈవిడగారి ఫ్లాస్కులో చూశారా అత్తయ్యా? టీలో నానుతోందేమో!" అన్నాడు జాస్పర్.

హెస్టర్ పొయ్యి పక్కనున్న పాత పట్టు కుర్చీని చూస్తోంది. కూర్చోవద్దని నోరు తెరవకుండా చెప్పే ఎండిన ముళ్లకాయ దాని మీద ఉంది.

"ఇందులో ఎవరైనా కూర్చున్నారా?"

"నేనుండగానా!" అంది మిసెస్ క్రాక్సాల్. "ముళ్లకాయ చూశాక మనవాళ్లెవరు కూర్చుంటారమ్మా? పొద్దున్నే నేనే పెడతాను, కాడ పొయ్యి వైపుకి."

కాడ కిటికీ వైపు ఉంది. హెస్టర్ వంగి భూతద్దంతో చూసి నవ్వింది.

"బిళ్ల తీయించినప్పుడు ఉన్నవాళ్లందరినీ పిలిపించండి."

గది నిండింది.

"సంచుల్లో లేదంటే పటం ఇల్లు దాటలేదు. జనం పోయేదాకా ఎవరూ ముట్టని చోటు కావాలి. అలాంటిది ఇక్కడ ఒకటే ఉంది." హెస్టర్ ముళ్లకాయ తీసి, కుర్చీ మీది మెత్త ఎత్తింది. కింద పటం!

"జనం వెళ్లాక తీసుకోగలిగేది ఈ ఇంట్లో ఉండేవాళ్లే."

"అంటే నేను కూడానా?" అంది లేడీ అగస్టా.

"మీరు వేసుకున్నది పట్టు. ఇది చూడండి." ముళ్లకాయ కొక్కేలకి ఆవపిండి రంగు ఉన్ని పోగు వేలాడుతోంది. "జాస్పర్ గారూ, జేబుల్లోంచి చేతులు తీస్తారా?"

స్వెట్టర్ కుడి చేతి అంచున పోగులు లేచి ఉన్నాయి. వేళ్లకి స్కోన్ పొడి.

"నెమలికి బాగానే విందు పెట్టారు. మీ పూర్వీకులు ఈ ముళ్లకాయలతోనే ఉన్ని బట్టలు దువ్వి ఇంత భవనం కట్టారు. ఇవాళ అది మీ చెయ్యి దువ్వింది."

జాస్పర్ తల దించుకున్నాడు. లేడీ అగస్టా అందరూ చూస్తుండగా బిళ్లని తన చేతులతో మిసెస్ క్రాక్సాల్ గుండెల మీద పెట్టింది. అంతవరకే ఓపిక. కూర్చుందామని పక్కనున్న ఆ పట్టు కుర్చీ మీద చెయ్యి వేసింది.

మిసెస్ క్రాక్సాల్ అప్పటికే మెత్త సర్ది, ముళ్లకాయని కాడ పొయ్యి వైపుకి పెట్టేసింది. నడుం నిటారుగా నిలబెట్టి అంది:

"అందులో కాదు, మేడమ్."

లేడీ అగస్టా చెయ్యి తీసేసి, ఆమె పక్కనే అంతే నిటారుగా నిలబడింది.