నవ్వని ఫాట్‌గో

"ఇంకా పొంగలేదా బామ్మగారూ?"

చెంగ్యే ఆకలి మీద ఆ మాట అనేశాడు. పొయ్యి ముందున్న బామ్మ గిరుక్కున తిరిగింది. ఆవిరి మీద ఉడుకుతున్నది మామూలు వంటకమా? కొత్త సంవత్సరానికి గతించిన పెద్దలకు పెట్టే ఫాట్‌గో! పులియబెట్టిన బియ్యప్పిండిలో బెల్లం కలిపి చిన్న గిన్నెల్లో పోస్తారు. ఉడికేసరికి పైభాగం పగిలి విచ్చుకోవాలి. అప్పుడు ఫాట్‌గో నవ్విందంటారు. నవ్వితే ఏడాదంతా ఇంటికి మంచిది. అందుకే అది ఉడుకుతున్నంతసేపూ దక్షిణ చైనాలోని ఈ తైషాన్‌లో ఏ వంటింట్లోనూ 'లేదు' అన్న మాట వినిపించదు.

"ఏ ఊరు నాయనా నీది?"

"షాన్‌దోంగ్ బామ్మగారూ. ఉత్తరాది."

"అక్కడ మాట్లాడే ముందు ఆలోచించరా? నడు బయటికి!"

బామ్మ మనవరాలు సూట్‌యిన్ నాలుక కరుచుకుంది. గ్వాంగ్‌జౌ నగరంలో ఆమెదీ చెంగ్యేదీ ఒకే ఆఫీసు. ప్రేమించుకున్నామని చెప్పడానికి పండగ పేరుతో అతన్ని వెంటబెట్టుకొచ్చింది. తల్లిలా పెంచిన బామ్మ ఊ అనందే ఆమె పెళ్లి చేసుకోదు. వచ్చి గంటైనా కాలేదు, అబ్బాయి వాకిట్లో వానలో నిలబడ్డాడు.

పెద్దలకు అగరొత్తులు వెలిగించి తప్పు చెప్పుకోవడానికి బామ్మ ముందు గదిలోకి వెళ్లింది. సూట్‌యిన్ మంట తగ్గించి, గొడుగు పట్టుకుని పరుగెత్తింది.

"నీకు బుద్ధుందా? దారంతా చెప్పాను కదా, నోరు మూసుకుని కూర్చోమని!"

"మూసుకునే కూర్చున్నా. ఆ వాసనే తెరిపించింది."

"తడిసిపోతున్నావు, దగ్గరికి రా."

"బామ్మగారు చూస్తే?"

"ఇంకా ఏం మిగిలిందని భయం?"

ఒక గొడుగు, ఇద్దరు మనుషులు. వాన కూడా తొందరపడలేదు. పొయ్యి గుర్తొచ్చి సూట్‌యిన్ లోపలికి పరుగెత్తి మళ్లీ మంట పెంచింది. కానీ బామ్మ మూత తీసేసరికి ఫాట్‌గోలు మూతి ముడుచుకుని కూర్చున్నాయి. ఒక్కటీ విచ్చుకోలేదు.

"చూశావా? ఆ అబ్బాయి నోటి మహిమ! సాయంత్రం బస్సెక్కించు. ఈ సంబంధం మనకొద్దు."

గుమ్మంలో చెంగ్యే తల దించుకున్నాడు. "తప్పు నాదే బామ్మగారూ. నేను వెళ్తాను. తనను మాత్రం ఏమీ అనకండి."

ఊరుకుంటే సూట్‌యిన్‌ను బామ్మ ఒక్క మాటా అనదు. కానీ అతను పోతాడు. ఆమెకు ఏడుపొచ్చేసింది.

"తన నోటిది కాదు బామ్మా! నేనే మంట తగ్గించాను. తనకు గొడుగివ్వడానికి వెళ్లి, మాటల్లో పడి మర్చిపోయాను."

బామ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఫాట్‌గోకి మంట తగ్గించావా? నీకు వంట నేర్పింది నేనేనా?"

"నువ్వే."

"అయితే ఏడుపాపి ఇంకో వాయి పెట్టు. ఏమబ్బాయ్, చూస్తావేం? కుండ నిండా నీళ్లు పట్టుకురా!"

చెంగ్యే నీళ్లు తెచ్చాడు. ఆ తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మూల నిలబడ్డాడు. అతన్ని చూసి బామ్మకు నవ్వాగలేదు.

మూత తీశారు. ఆవిరి తొలగింది. గిన్నె గిన్నెకీ ఫాట్‌గో విరగబడి నవ్వుతోంది.

"హమ్మయ్య!" అన్నారు ముగ్గురూ.

బామ్మ అన్నిటికన్నా బాగా విచ్చుకున్నదాన్ని పళ్లెంలో పెట్టి చెంగ్యే చేతికిచ్చింది. "ముందు గదిలో మీ తాతగారి ఫొటో దగ్గర పెట్టిరా."

చెంగ్యే తెల్లబోయాడు. "ఎవరి తాతగారండీ?"

"ఇంకెవరి తాత? మీ ఇద్దరి తాత!"

సూట్‌యిన్ గుండె తేలికైపోయింది. ముగ్గురూ ఫొటో ముందు నిలబడ్డారు. బామ్మ అగరొత్తి వెలిగించి గద్దించింది. "ఏమయ్యా, ఇతను షాన్‌దోంగ్ అబ్బాయి. మన పద్ధతులు తెలియవు. నేను నేర్పుకుంటాను. నువ్వు మాత్రం కాదనకు."

చెంగ్యే సూట్‌యిన్ చెవిలో గొణిగాడు. "తాతగారు ఒప్పుకున్నట్టేనా?"

"బతికున్నప్పుడే బామ్మ మాట కాదనలేదు. ఇప్పుడంటాడా?"