పద్నాలుగో పేజీలో గిట్టలు

ఉదయం తొమ్మిదీ పది.

అద్దాల పెట్టె తెరిచి ఉంది. లోపల పుస్తకం ఉంది. పద్నాలుగో పేజీ లేదు.

ట్రైబల్ పోలీస్ డిటెక్టివ్ డెల్ఫీన్ ఎల్లో షర్ట్ వంగి చూసింది. నూరేళ్ళు దాటిన చిట్టా పుస్తకం అది. అమెరికా సైన్యం కోటలో ఖైదీగా ఉన్న రోజుల్లో లోన్ మాగ్‌పై అనే లకోటా తెగ యోధుడు తన పోరాటాలన్నీ రంగు పెన్సిళ్ళతో అందులో గీసుకున్నాడు. బొమ్మల కింద ఇంగ్లీషులో అర్థాలు రాసింది మాత్రం కాపలా ఆఫీసరు.

"రెండింటికి ప్రారంభోత్సవం! రిజర్వేషన్లో ఉండే తెగవాళ్ళంతా వస్తున్నారు!" మ్యూజియం అధికారి ప్రూయిట్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఇది లానీ పనే. పాత వస్తువులు కొనేవాడు ఇంకెవడున్నాడు? బ్లేడు పెట్టి కోసేశాడు."

గుమ్మంలో నిలబడ్డ లానీ కిసుక్కున నవ్వాడు.

"దొంగతనానికొస్తే పుస్తకం మొత్తం ఎత్తుకుపోనా అక్కా? ఒక్క కాగితానికి కక్కుర్తి పడతానా?"

మాట సబబుగానే ఉంది. డెల్ఫీన్ పెట్టెలోకి చెయ్యి పెట్టింది. పుస్తకం మధ్య మడత మీద వేలితో తడిమింది. తర్వాత పెట్టె మూలనున్న చిన్న ఎర్రగుడ్డ మూట తీసింది.

"ఏదో చెత్త. గంజాయేమో, ల్యాబ్‌కి పంపండి," అన్నాడు ప్రూయిట్.

ఆమె వాసన చూసింది. పొగాకు.

"ల్యాబ్ అక్కర్లేదు. పొద్దున్నుంచీ లోపలికి ఎవరెవరొచ్చారు?"

"ఎనిమిదిన్నరకి ఆర్డిత్ ముసలావిడ. గుడ్డముక్కలు అతికి క్విల్ట్ దుప్పటి కుట్టి తెచ్చింది, గోడకి తగిలించి వెళ్ళింది. నేను కాఫీ పెట్టుకోవడానికి ఓ పది నిమిషాలు పక్కకి..."

గోడ మీద పెద్ద నక్షత్రం క్విల్ట్. డెల్ఫీన్ దాని వైపు చాలాసేపు చూసింది. ఖాళీ పేజీ పక్కన, ఆఫీసరు మాటలే అచ్చువేసిన చీటీ ఉంది. 'గూఢచారి లోన్ మాగ్‌పై సైనికులను లకోటా శిబిరానికి నడిపించుట.' చీటీ జేబులో పెట్టుకుంది.

"ఇద్దరూ కారెక్కండి."

"నన్ను అరెస్టు చేస్తున్నావా?" అన్నాడు లానీ.

"నోరు మూసుకుని ఎక్కు. టైం లేదు."

పదీ ఇరవై. వైట్ రివర్ మలుపు తిరగ్గానే ఆర్డిత్ ఇల్లు కనిపించింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

డెల్ఫీన్ ఒక్కసారిగా వేగం పెంచింది. జూన్ ఎండలో బుద్ధున్నవాళ్ళెవరూ కట్టెల పొయ్యి వెలిగించరు. కారు ఆగీ ఆగకముందే దూకి పరుగెత్తింది.

పొయ్యి ముందు కుర్చీలో డెబ్బై ఎనిమిదేళ్ళ ఆర్డిత్ కూర్చుని ఉంది. పొయ్యి తలుపు బార్లా తెరిచి ఉంది. ఒళ్ళో పద్నాలుగో పేజీ.

"వచ్చావా పోలీసు పిల్లా? కాఫీ తాగుతావా?"

"ముందు ఆ పొయ్యి తలుపు మూసెయ్ బామ్మా."

"మూడుసార్లు మంట దాకా తీసుకెళ్ళానే. చెయ్యి రాలేదు. మా తాత వేళ్ళు గీసింది కదా."

"ఈవిడా!" ప్రూయిట్ నోరెళ్ళబెట్టి డెల్ఫీన్ వైపు తిరిగాడు. "మీకెలా తెలిసింది?"

"బ్లేడుతో కోస్తే కాగితం మొదలు మిగులుతుంది. ఇక్కడ కుట్టు విప్పారు. ఒక్క కన్నం కూడా చిరగలేదు. పైగా పెద్దల వస్తువు తీసుకుంటున్నానని బదులుగా పొగాకు పెట్టిపోయారు. అమ్ముకునేవాడు పొగాకు పెడతాడా? ఆ మూట గుడ్డా, గోడ మీది నక్షత్రం నడిమి ముక్కా ఒకటే."

"విన్నావా ప్రూయిట్?" అన్నాడు లానీ. "ఇక నాకు సారీ చెప్పు."

ఆర్డిత్ ఎవరి వైపూ చూడలేదు.

"సోల్జర్ల కుక్క మనవరాలా అని పిలిచేవాళ్ళు నన్ను. మా అమ్మ పడింది, నేను పడ్డాను, నా కొడుకూ పడ్డాడు. ఇవాళ దాన్ని అద్దంలో పెట్టి ఊరందరికీ చూపిస్తారట. నేను బతికుండగా ఎలా చూస్తానే?"

డెల్ఫీన్ తల దించుకుంది. బడిలో ఆర్డిత్ కొడుకుని ఆ మాట అన్నవాళ్ళలో తనూ ఉంది.

"బామ్మా, ఈ బొమ్మ చదివావా?"

"చదవడానికేముంది? కింద రాసుందిగా."

"రాసింది కాదు. గీసింది."

ముసలామె బొమ్మ వైపు అయోమయంగా చూసింది. ప్రభుత్వ బోర్డింగ్ స్కూలు వాళ్ళు ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు నేర్పారు. బొమ్మలు చదవడం నేర్పే తాతల దగ్గరికి మాత్రం పోనివ్వలేదు.

డెల్ఫీన్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పేజీలో కుడివైపు గుడారాలు. ఎడమవైపు బారుగా సోల్జర్లు. మధ్యలో గుడారాల వైపు తిరిగిన గుర్రం. రౌతు తల మీద మాగ్‌పై పిట్ట, అంటే అతని పేరు.

"చూశారా, ముందు ఈయన, వెనక సైనికులు. స్పష్టంగానే ఉంది," అన్నాడు ప్రూయిట్.

"నేను తప్పిపోయిన గొడ్లని జాడపట్టే పోలీసుని. గిట్టలు చూడు బామ్మా, ఈ అర్ధచంద్రాలు. తెరిచి ఉన్న వైపు మడమ. మూసి ఉన్న వైపుకి నడక. వేలు పెట్టి పట్టు."

ఆర్డిత్ వేలు పెట్టింది.

"గుడారాల దగ్గర మొదలైంది... సోల్జర్ల దాకా పోయింది... వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ..." వేలు ఆగింది. "నాలుగుసార్లు."

"దారి చూపించేవాడు గుడారాల్లోంచి బయల్దేరతాడా? నాలుగుసార్లు ఎదురెళ్తాడా? ఈయన చుట్టూ సన్న గీతలేంటి ప్రూయిట్?"

"దుమ్మని ఆఫీసరు నోట్‌లో..."

"దుమ్ము తుపాకీ గొట్టాల్లోంచి వస్తుందా? తూటాలవి. అన్నీ ఈయన మీదికే. కావాలనే తన మీదికి తిప్పుకున్నాడు. ఎందుకో కుడి అంచున చూడు బామ్మా."

గుడారాల వెనక చిన్న చిన్న అడుగులు. ఆడవాళ్ళవి, పిల్లలవి. పేజీ దాటి అవతలికి పోతున్నాయి.

ఆర్డిత్ వాటి మీద వేలు ఆనించి ఉంచింది.

"మా అమ్మకప్పుడు నాలుగేళ్ళు," అంది చివరికి. "ఈ అడుగుల్లో మా అమ్మవీ ఉన్నాయే!"

అని భోరున ఏడ్చింది. డెల్ఫీన్ ఆమె చేతులు పట్టుకుంది.

"నీ కొడుకుని ఆ మాట నేనూ అన్నాను బామ్మా."

"తెలుసులే. వాడు వచ్చి చెప్పాడు." కళ్ళు తుడుచుకుంది. "ఆ దొర మాటలు అచ్చేసిన చీటీ ఎక్కడుంది?"

డెల్ఫీన్ జేబులోంచి తీసి ఇచ్చింది. ఆర్డిత్ పొయ్యి తలుపు తెరిచింది. ఈసారి చెయ్యి వెనకాడలేదు.

"అయ్యో, అది మ్యూజియం ఆస్తి!" ప్రూయిట్ ముందుకి దూకాడు. లానీ కాలు అడ్డం పెట్టాడు.

రెండు గంటలకి కిక్కిరిసిన హాల్లో ఆర్డిత్ పేజీ పక్కన నిలబడి, గిట్టల వెంట వేలు జరుపుతూ అందరికీ తన తాతని చదివి వినిపించింది.

డెల్ఫీన్ గోడకి ఆనుకుని రిపోర్టు రాసుకుంది: పేజీ దొరికింది. పక్కనుండాల్సిన చీటీ ఆచూకీ లేదు. అనుమానితులు ఎవరూ లేరు.