ఊఁ కొట్టిన మనిషి వాటా

భ్రమరాంబ గొంతుపట్టీలన్నీ తడిగుడ్డతో తుడిచి కుర్చీకొకటి తగిలించింది. కుర్చీలు వలయంగానే ఉండాలి, ఎవరి ముఖం ఎవరికీ చాటు కాకూడదు. పైకప్పులో అమర్చిన మాటలు కొలిచే యంత్రానికి, అంటే తూనికకు, అలా ఉంటేనే సరిపడుతుంది. సొంతంగా పుట్టిన మాట ప్రతిదానికీ అది పట్టీ మీద పచ్చచుక్క వెలిగిస్తుంది. గట్టు అవతల సముద్రం పోటెక్కి గోడలు మూలుగుతున్నా, ఆ మూలుగును తీసేసి మాటలనే తూస్తుంది.

ఆ పూట మాటశాలకు రావలసినవాళ్లు ముగ్గురు. గట్టు పగుళ్లకు మాట్లు వేసే అబ్బులు, మంచినీళ్ల యంత్రాల దగ్గర పనిచేసే జుబేదా, రెండేళ్ల పిల్ల ఉన్న నూకరత్నం. ముగ్గురూ అద్దెగొంతుతో పెరిగినవాళ్లే. మనసులో అనుకున్నదాన్ని మెడలో బిళ్ల అందుకుని తీయని గొంతుతో చెప్పేస్తూ ఉంటే, ఇక నోటితో పనేముంది? ఎప్పుడో తూము దగ్గర ఎవరో తడబడి చెప్పిన మాటకు వీధుల్లోకి నీళ్లొచ్చాయట. అప్పటినుంచి గట్టు లోపల, మాటశాలలో తప్ప, నోటితో మాట్లాడాలంటే హక్కు ఉండాలి. గుంపులో కూర్చుని తన వాటా మాట తాను మాట్లాడితేనే ఆ హక్కు. మూడు విడతల్లో రాకపోతే బిళ్లను మెడకు అతికించేస్తారు, ఇక ఊడి రాదు.

నూకరత్నానికి ఇది మూడో విడతలో ఆఖరి వలయం.

ఆమె నడవలో పిల్లను ఆయాకు అప్పగించి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పాప బాగుందా?" అని అడిగింది భ్రమరాంబ.

"పాప కుశలమే, పంతులమ్మగారూ," అంది బిళ్ల, రేడియోలో వార్తలు చదివినట్టు. "కాకినీ పిల్లినీ ఎప్పటినుంచో పిలుస్తోంది. నిన్న తొలిసారి అమ్మా అని పిలిచింది. నా ముఖం చూసి కాదు. ఈ బిళ్లను పట్టుకుని పిలిచింది."

అంత మాట చెప్పినా ఆ గొంతులో వణుకు లేదు. నూకరత్నం బిళ్ల తీసింది. నడవలో మేకుకు తగిలించి, లోపలికొచ్చి, అప్పటికే బిళ్లలు తీసి కూర్చున్న ఇద్దరి పక్కన పట్టీ కట్టుకుని కూర్చుంది.

"ఆయ్, మొదలెట్టమంటారా అండీ?" అన్నాడు అబ్బులు. "ఈవిడగారి నోట్లో బెల్లంగడ్డ కరిగేసరికి మనకి తెల్లారిపోద్ది."

"నీ నోట్లో మరమగ్గం ఆడుతుందిగా అబ్బులన్నా, ఇంకొకరు దేనికి," అంది జుబేదా.

నియమం ప్రకారం భ్రమరాంబ విషయం చెప్పింది: ఇంట్లో జరిగిన సంగతి. ఒకరు చెప్పాలి, తక్కినవాళ్లు మధ్యలో అందుకోవాలి.

"మా అమ్మ గట్టు మీద సావిడాయ చేపలు ఎండబెట్టిందండి," అని ఎత్తుకున్నాడు అబ్బులు.

"ఊఁ," అంది నూకరత్నం.

"పైన గద్ద తిరుగుతుందండి. మా అమ్మ చీపురుకట్ట పట్టుకుని కూసుంది."

"ఊఁ."

"గద్దకి మాత్రం బుర్రలేదేటి? అదీ కూసుంది, ఎదురుగా."

"ఊఁ?"

అబ్బులు పట్టీ పచ్చగా నిండిపోయింది. గద్ద తర్వాత పిల్లి వచ్చింది, పిల్లి తర్వాత అతని మేనమామ వచ్చాడు. జుబేదా కూడా నవ్వు ఆపుకుంటూ మధ్యలో దూరింది, ఆమెకూ నాలుగు చుక్కలు పడ్డాయి. నూకరత్నం పట్టీ మాత్రం నల్లగానే ఉంది.

"మూడవ కుర్చీలో శబ్దం ఉంది, మాట లేదు," అంది తూనిక. "ఇతరుల కొలతకు అడ్డు. వలయం నుంచి జరపండి."

భ్రమరాంబ జరిపింది. ఇన్నేళ్లుగా ఎంతోమందిని అలాగే జరిపింది. కుర్చీ గోడవారకు చేరింది, నూకరత్నం తల వంచుకుంది.

"కానివ్వండి," అంది భ్రమరాంబ.

"అప్పుడు మా మేనమామ..." అబ్బులు ఆగాడు. "మేనమామ వచ్చి... చేపలు..." ఖాళీ అయిన చోటు వంక చూశాడు. "ఏటోనండి, నూతిలోకి సెప్పినట్టుంది."

జుబేదా అందుకోబోయింది. ఒక మాట అని ఊరుకుంది. పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గోడల మూలుగు తప్ప గదిలో ఏమీ మిగలలేదు.

భ్రమరాంబకు వాళ్ల నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. మునగాకు దూస్తూ కథ చెప్పేది. ఊఁ వినబడకపోతే ఆకు దూయడం ఆపేసి, "నిద్రపోయావటే? ఇక రాజుగారు అడివిలోనే ఉంటాడు మరి," అనేది. ఊఁ అన్నాక గానీ రాజు అడివి దాటేవాడు కాదు.

ఆమె లేచి నూకరత్నం కుర్చీని మళ్లీ వలయంలోకి లాగింది.

"అబ్బులూ, మేనమామ వచ్చి ఏం చేశాడు?"

"వచ్చీ రావడంతోనే చీపురు లాక్కున్నాడండి."

"ఊఁ," అంది నూకరత్నం, తల ఎత్తకుండానే.

"లాక్కుని పిల్లిని వదిలేసి మా అమ్మని అదిలించాడు."

"ఊఁ!"

పచ్చచుక్కలు మళ్లీ పరుగెత్తాయి. భ్రమరాంబ బల్ల అంచున ఉన్న గురుముద్ర మీద బొటనవేలు ఆనించింది. ఉరుముకో పోటుకో తూనిక పొరబడితే దిద్దడానికి ఇచ్చిన ముద్ర అది. తూనిక పొరబడనప్పుడు నొక్కినవాళ్లను మాటశాలలో ఉంచరు.

"ఈ కథ చెప్పింది ఇద్దరు," అంది. "చెరి సగం వెయ్యి."

"రెండవ వ్యక్తి మాటలు సున్నా. కొలతలో పొరపాటును నిర్ధారించండి."

"నీ కొలత పొరపాటు కాదు. ఈమె ఊఁ కొట్టింది."

"ఊఁ కొట్టడాన్ని వాటాగా తూచాలా?"

"తూచు."

"ఇది అన్ని వలయాలకూ వర్తిస్తుంది. గత విడతలన్నీ మళ్లీ వినాలి. అద్దెగొంతులను నడిపేదీ తూనికే, అది పూర్తయ్యేదాకా అవి పలకవు."

భ్రమరాంబ వేలు తీయలేదు. "విను," అంది.

పట్టీలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. గట్టు పొడవునా, ఇళ్లలోనూ తూముల దగ్గరా, బిళ్లలు పలకడం మానేశాయి. ఎక్కడో ఒక మనిషి సొంత గొంతుతో దగ్గాడు. అబ్బులు చెవి రిక్కించి, "ఇహ ఊరంతా సేపల రేవులా గోలేనండి," అన్నాడు మెల్లగా.

నూకరత్నం అప్పటికే నడవలోకి పరుగెత్తింది. పిల్ల ఆయా చంకనుంచి వంగి, మేకుకు వేలాడుతున్న బిళ్లను ఊపుతోంది.

"అమ్మా, కాకీ," అంది బిళ్లతో. బిళ్ల పలకలేదు. మళ్లీ ఊపింది. "కాకీ వచ్చిందీ."

"ఊఁ," అంది నూకరత్నం.

పిల్ల వెనక్కి తిరిగింది. బిళ్ల వదిలేసి, చెయ్యి చాపి తల్లి గొంతు మీద పెట్టింది. అక్కడ ఏముందో చూసుకున్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

"కాకీ పోయిందీ," అంది.

"ఊఁ."